చెంబెడు బోరునీళ్లు

"ఇంక జన్మలో వాడి షెడ్డు గడప తొక్కను" అన్నాడు రమణ, బానెట్ కింద దూర్చిన తల ఎత్తకుండానే.

గుమ్మంలో వేరుశెనక్కాయలు వలుస్తున్న మల్లి చెయ్యి ఆగిపోయింది. "ఎవరి షెడ్డు బావా?"

"ఇంకెవరిది, వసీందే. ఇంజిన్ చల్లగుండేదానికి పచ్చ కూలెంట్ పోసినా అని చెప్పి బోరునీళ్లు కొట్టినాడు. వాడు, నాకు! నిన్న కారిన నీళ్లు చూస్తే పచ్చరంగే లేదు. ఇప్పుడు ఇది చూడు."

ఇంజిన్ నుంచి ఊడదీసిన వాటర్ పంపును తెచ్చి ఆమె ముందు పెట్టాడు. దాని రెక్కల నిండా తెల్లటి గార, ఏళ్ల తరబడి నీళ్లు కాచిన గిన్నె అడుగులా. అంచుల్ని తుప్పు తినేసింది.

మల్లి ఆ గారను వేలితో గీకి చూసింది.

రమణ ఇంటి సందులో కారు పట్టదు. మూడేళ్లుగా అతను నడిపే టాక్సీ కోటమ్మ అవ్వ, మనవరాలు మల్లి ఉండే ఈ వాకిట్లోనే నిలుస్తుంది. కారు తాళం వంటింటి మేకుకు వేలాడుతుంది. పోయిన ఎండాకాలం దోర్నాల దాటాక కొండల్లో ఘాట్ రోడ్డు మీద ఇంజిన్ మరిగిపోతే రమణ తొందరపడి రేడియేటర్ మూత తిప్పాడు. ఆవిరి ఎగదన్నింది. కుడి ముంజేయి మోచేతిదాకా కాలింది. కబురు అందగానే బైకు మీద పోయి అతన్ని ఆసుపత్రికి చేర్చింది స్నేహితుడైన మెకానిక్ వసీమే. ఆ మచ్చను మల్లి ఇప్పటికీ తిన్నగా చూడలేదు.

అప్పటినుంచి రోజూ పొద్దున వాకిలి చల్లాక ఆమె బానెట్ ఎత్తేది. ఇంజిన్ పక్కనున్న డబ్బాలో ఎంత తగ్గిందో అంతా బోరునీళ్లతో నింపేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు. దానికి ఆమె దగ్గర ఒకటే జవాబు ఉంది.

"వసీమన్నను అడిగినావా?"

"అడిగేదేంది, కడిగేసినా. షెడ్డులో అందరి ముందర దొంగ అన్నా."

"ఏమన్నాడు?"

రమణ ఇంజిన్‌కు అంటుకున్న పాత గాస్కెట్ పొరను బ్లేడుతో గీకసాగాడు. "పానా కింద పెట్టి లోపలికి పోయినాడు."

మల్లి లేచి నిలబడింది. ఒళ్లోని పొట్టు జారిపోయింది. "వసీమన్న కాదు బావా. నేను పోసినా."

"ఏంది?"

"నీళ్లు. రోజూ. డబ్బాలో తగ్గితేనే గదా మరిగేది? కొండ మీద మళ్లీ నీకేమన్నా అయితే..." ఆమె పంపు వైపు చెయ్యి చూపింది. "కూలెంట్ అని వేరే ఉంటాదని తెలీదు. నన్ను తిట్టు. ఆ అన్నను కాదు."

లోపలినుంచి కోటమ్మ కేక వేసింది. "మనుషులు తాగలేక క్యాన్లు కొంటా ఉంటే, ఆ నీళ్లు కారుకు పోస్తివా!"

రమణకు నవ్వు రాలేదు. తన ముంజేతి వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు" అని బైకెక్కి వెళ్లిపోయాడు.

అట్టముక్క మీద వరసగా పేర్చిన బోల్టులకు కాపలా కాస్తూ మల్లి అక్కడే కూర్చుంది. గంటకు బైకు తిరిగొచ్చింది. వెనక వసీం, ఒళ్లో కూలెంట్ డబ్బా, కొత్త పంపు.

"తప్పైపోయింది అన్నా" అంది మల్లి తలెత్తకుండా.

"అందరి ముందర అన్నాడు, అందరి ముందరే చెయ్యి పట్టుకుని తప్పయిందని చెప్పినాడు. అయిపాయె." వసీం డబ్బా దించాడు. "అయినా చెల్లెమ్మా, ఏడాదిగా నీళ్లు పోసేదానికి బదులు వీడికి ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది గదా!"

మల్లి చెవులు ఎర్రబడ్డాయి.

స్నేహితులిద్దరూ కొత్త గాస్కెట్ పెట్టి కొత్త పంపు కూర్చోబెట్టారు. ఒక్కో బోల్టూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించారు. బెల్టు ఎక్కించి, పచ్చటి కూలెంట్ పోసి ఇంజిన్ స్టార్ట్ చేశారు. ముగ్గురూ వేడి చూపించే ముల్లు మీదే చూపు నిలిపారు. అది మెల్లగా లేచింది. సగం దాకా వచ్చి అక్కడే నిలబడింది. మల్లి అప్పుడు ఊపిరి వదిలింది.

"అవ్వా, రేపు మా అమ్మ వస్తాది. ఇంట్లో ఉంటావా?" రమణ గట్టిగా అడిగాడు.

"దేనికి? తాళం మీ ఇంటికి తీసకపోతావా?"

"తాళం కాదు. తాళం చూసుకునే మనిషిని అడిగేదానికి."

కోటమ్మ గుమ్మంలోకి వచ్చి మనవరాలిని తేరిపార చూసింది. "ఆ మనిషి ఏమంటాదో?"

మల్లి రమణ ముంజేతిని మొదటిసారి తిన్నగా, చాలాసేపు చూసింది. తర్వాత మిగిలిన కూలెంట్ డబ్బా తీసుకెళ్లి, వంటింట్లో తాళం మేకు కింద పెట్టింది.