పైగది రూటరు

ఆ వీధి చివరి మేడ నుంచి ఫోనొస్తే మా బావ పనిచేసే నెట్ కనెక్షన్ల ఆఫీసులో ఎవరూ ఎత్తేవారు కాదు. రాత్రి పదకొండు కొట్టగానే ఆ ఇంట్లో నెట్ పోతుంది. బాగుచేయడానికి వెళ్లిన మెకానిక్కులు ముగ్గురూ పాలిపోయిన మొహాలతో తిరిగొచ్చారు — పైన తాళం వేసిన గదిలో ఎవరో కుర్చీ జరుపుతున్నారట.

"ఎలుకలై ఉంటాయిలే," అనుకుంటూ బావ బయల్దేరాడు. ఇది ఆయన నాతో చెప్పిందే.

తలుపు తీసింది ఆ ఇంటి కోడలు. రాత్రిపూట ఇంట్లోంచే కంప్యూటర్ మీద ఉద్యోగం. "ఈ రాత్రి కూడా లైను తెగితే నన్ను తీసేస్తారన్నా," అంది.

"పైగది ఎవరిది?"

"మా మరిదిది. పోయినేడాది బండి మీంచి పడి... అప్పట్నుంచీ తాళమే."

బావ వైరు మార్చాడు. రూటరు ఆపి మళ్లీ వేశాడు. పాస్‌వర్డ్ కూడా మార్చేశాడు. సిగ్నల్ నిక్షేపంలా ఉంది.

పదకొండయింది... లైను పోయింది.

నెట్‌వర్క్‌లో ఏమేం ఉన్నాయో ఫోన్లో వెతికితే సంగతి బయటపడింది — ఇంట్లో ఇంకో రూటరు నడుస్తోంది. ఇంట్లో కంప్యూటర్లకి, ఫోన్లకి రెండూ పోటీపడి నెట్ అడ్రసులు పంచుతున్నాయి, అందుకే ఈ గందరగోళం. కొత్త పాస్‌వర్డ్ కూడా దాన్ని ఆపలేదంటే, అది వైరుతో తగిలించి ఉన్నట్టే.

గోడ వెంట ఆ వైరు పట్టుకుని మెట్లెక్కాడు. కోడలు కిందే ఆగిపోయింది.

తలుపుకి తాళం లేదు. సందులోంచి పచ్చ లైటు... వెలుగుతూ, ఆరుతూ. లోపల కుర్చీ కిర్రుమంది.

బావ తలుపు నెట్టాడు.

కంప్యూటర్ ముందు ఆ కోడలి అత్తగారు కూర్చుని ఉంది.

పోయిన ప్రాణం లేచొచ్చింది బావకి. "ఏంటమ్మా, ఈ వేళప్పుడు?"

"స్విచ్ వేస్తే వాడి ఆటలు, వాడి స్నేహితులు... అన్నీ వెలుగుతాయి బాబూ," గుసగుసగా అంది. "కాసేపు చూసి కట్టేస్తా. కోడలికి చెప్పకు."

తెర నిండా స్నేహితుల పలకరింపులే. ఒక్కోదాని కిందా జవాబు — 'ఇక్కడే ఉన్నాన్రా.' 'రేపు ఆడదాం.'

బావ వంగి, ఆ పాత రూటరు ఇక అడ్రసులు పంచకుండా ఒక్క సెట్టింగు మార్చాడు.

"వచ్చిందన్నా," కింది నుంచి కోడలి గొంతు.

"ఇంక ఎంతసేపైనా చూసుకోండమ్మా, ఎవరికీ ఇబ్బంది లేదు," అన్నాడు బావ. "కానీ... వాడు లేడని వాళ్లకి చెప్పకుండా, వాడిలా మీరే రాస్తున్నారా?"

"నేనా? నాకు అక్షరం ముక్క రాదు బాబూ."

ఆవిడ చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. తెర మీద ఒక అక్షరం పడింది... దాని పక్కన ఇంకొకటి.

"మెల్లగా మాట్లాడు," అంది ఆవిడ. "రాస్తున్నాడు."