ఇలారియా కుడి బూటు

"పేరు ఇలారియా పెల్లో. విదేశీ ముఠా కొరియర్." గూఢచారి సర్వీసు పై అధికారి మేడమ్ జుఫ్రే ఫొటోను బల్ల మీదుగా ఏజెంట్ బాస్తియన్ రుదాజ్ వైపు జరిపింది. "మన డ్యామ్ గేట్లు తెరిచే కోడ్లున్న చిప్ ఈమె దగ్గరుంది. రేపు స్కీల మీద కనుమ దాటి పక్క లోయలో దిగుతుంది. పన్నెండుంబావుకి ఇటలీ బస్సు. అది ఎక్కిందంటే చిప్ చేజారినట్టే."

"ఇప్పుడే పట్టుకోవచ్చుగా మేడమ్?"

"ఇప్పుడైతే చిప్ అందుకునేవాడు జారిపోతాడు. వెంటాడు, కనబడకు. ఇది ఆమె బూటులో పెట్టు."

ఇచ్చింది మనిషి ఎక్కడుందో చెప్పే కందిగింజంత ట్రాన్స్‌మిటర్.

ఆ మధ్యాహ్నం బాస్తియన్ తన బూట్లు పట్టుకుని జెర్మాన్ కొట్టుకు వెళ్ళాడు. జెర్మాన్ ఒకప్పుడు సర్వీసులో అతని జోడీ. మూడేళ్ళ క్రితం హిమానీనదం మీద "వేళ్ళు మొద్దుబారాయిరా, ఆగుదాం" అన్నాడు. "ఇంకో గంటే, ఓర్చుకో" అన్నది బాస్తియనే. జెర్మాన్ కాలికి మూడు వేళ్ళు పోయాయి. ఇప్పుడు ఊళ్ళో స్కీ బూట్లు సరిచేస్తాడు. ఏనాడూ ఒక్క మాట అనలేదు. అదే బాస్తియన్‌కి మింగుడుపడని సంగతి.

జెర్మాన్ లోపలి మెత్తను వేడి చేసి, అతని కాలికి అచ్చు పోస్తూ చెప్పాడు. "మంచు అయిపోయి రోడ్డెక్కగానే వెనక మీట ఎత్తు, చీలమండ ఆడుతుంది. పిక్క దగ్గర బకిల్స్ వదులు చెయ్. పాదం మీదది మాత్రం బిగువుగా ఉంచు, మడమ లేచి రాసుకుంటే బొబ్బలే. పలచటి ఉన్ని సాక్సు ఒక్క జత. చిన్న అడుగులు వెయ్."

బాస్తియన్ ట్రాన్స్‌మిటర్ చూపించాడు. "ఇది ఇంకొకరి బూటులో పెట్టాలి. నొప్పి తెలీకుండా ఎక్కడ పెట్టను?"

జెర్మాన్ దాన్ని వేలితో వెనక్కి నెట్టాడు. "అలాంటి చోటు లేదు తమ్ముడూ. బూటులో ఇసకరేణువు కూడా కొండే. ఆ పని నన్నడక్కు."

మర్నాడు తెల్లవారాక కొండ మీది బసలో అందరూ టిఫిన్ దగ్గరున్నారు. ఇలారియా ఎర్ర జాకెట్ వేసుకుని, చూసినవాళ్ళు మళ్ళీ చూసేలా నవ్వుతోంది. పక్కన ఒక తెల్లగడ్డం ముసలాయన తాను మొక్కల ప్రొఫెసర్‌నని అందరికీ చెప్పుకుంటూ రొట్టెకు జామ్ రాస్తున్నాడు. జెనీవా గుమస్తా వేషంలో ఉన్న బాస్తియన్ బూట్ల గదిలోకి వెళ్ళి, ఆమె కుడి బూటు అడుగుమెత్త కింద ట్రాన్స్‌మిటర్ గింజను దూర్చాడు. దేశం కోసమే కదా అనుకున్నాడు.

ముందు ప్రొఫెసర్, తర్వాత ఇలారియా, ఆ వెనక బాస్తియన్ కనుమ దాటి అవతలికి జారారు. వేసవి ముందే రావడంతో మంచు సగం కొండకే అయిపోయింది. స్కీలు వీపున కట్టుకుని నాలుగు కిలోమీటర్ల కంకర రోడ్డు నడవాలి. ఆ మొదట్లోనే అతని చెవిలోని రిసీవర్‌లో ఆమె బూటు సిగ్నల్ కదలకుండా ఒకచోట ఆగిపోయింది.

ఇలారియా బండ మీద కూర్చుని ఉంది. బూటు విప్పేసింది. సాక్సు అరికాలి దగ్గర రక్తంతో తడిసింది.

"ఈ ఏడాది జున్ను కరగలేదండీ," అందామె అతన్ని చూసి.

ఆపదలో ఎదురైనవాడు మనవాడో కాదో తేల్చుకోవడానికి, సర్వీసులో చేరినరోజే ప్రతి ఏజెంటుకూ నేర్పే సంకేతవాక్యం అది.

"పొయ్యి మార్చి చూడండి," అన్నాడు బాస్తియన్. దానికి నేర్పిన జవాబు అది.

"హమ్మయ్య, మనవాడివే. నేను రెండేళ్ళుగా ఆ ముఠాలో ఉన్నా. మా శాఖ సంగతి మీ మేడమ్‌కి చెప్పరు. చిప్ నా దగ్గరుందని పుకారు పుట్టించింది ముఠావాళ్ళే. అసలుది ఆ ప్రొఫెసర్ దగ్గరుంది. బస్సు దగ్గర పట్టుకుందామనుకున్నా, ఈ కాలు పాడుగాను, అడుగు పడట్లేదు. వెళ్ళు, నలభై నిమిషాలే ఉంది."

ఆ గాయం తన పనేనని చెప్పాలనుకున్నాడు. చెప్పకుండానే మీట ఎత్తి, బకిల్స్ వదులు చేసి, స్కీలు అక్కడే పడేసి పరుగందుకున్నాడు.

రోడ్డంతా ఆమె అరికాలే కళ్ళ ముందు మెదిలింది. తన పాదాలు మాత్రం చెప్పుల్లో ఉన్నంత హాయిగా ఉన్నాయి. ఒక్క బొబ్బయినా లేస్తే బాగుండును అనిపించింది.

బస్సు తలుపు మూసుకుంటుండగా బూటు అడ్డం పెట్టాడు. ప్రొఫెసర్ గడ్డం పట్టుకుంటే గడ్డం చేతికొచ్చింది. పెదాల క్రీము డబ్బీలో చిప్ దొరికింది. చిప్ అందుకోవాల్సిన మనిషి కండక్టరే, దాన్ని లాక్కోబోతుంటే డ్రైవర్ ఒడిసిపట్టాడు.

ఇద్దరినీ పోలీసులకు అప్పగించి, బాస్తియన్ ఆ నాలుగు కిలోమీటర్లూ వెనక్కి ఎక్కాడు.

"దొరికాడు," అన్నాడు. తర్వాత ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అడుగుమెత్త ఎత్తి గింజను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇది నేనే పెట్టాను. నొప్పెడుతుందని ముందే తెలుసు. తెలిసే పెట్టాను."

ఇలారియా దాన్ని అతని అరచేతిలోంచి తీసుకుంది. "వాడు తప్పించుకుని ఉంటే?"

"నా వల్లే."

"రెండేళ్ళు పులి నోట్లో బతికాను. ఒక్క గాయం కాలేదు," అందామె మెల్లగా. "మనవాళ్ళ చేతిలో అయింది. కట్టు కట్టు."

కట్టు కట్టి, ఆమెను వీపున ఎత్తుకుని దిగుతుంటే ఫోన్ మోగింది.

"శభాష్ రుదాజ్," అంది మేడమ్ జుఫ్రే. "ఆ ఇలారియాకి నీ మీద అనుమానమేం రాలేదుగా?"

"అనుమానం కాదు, ఆమే నా వీపు మీదికి వచ్చింది మేడమ్," అన్నాడు బాస్తియన్ రొప్పుతూ. "బరువు అరవై కిలోలు."