శివయ్యకు మళ్ళీ వచ్చిన జ్వరం

స్వైన్‌ఫ్లూ భయం ఊరూరా పాకిన ఏడాది, ఒక ఉదయం ఇబ్రహీంపట్నం నుంచి అరుణ అనే అమ్మాయి డిటెక్టివ్ వసంతలక్ష్మి ఆఫీసుకు పరుగున వచ్చింది. అసిస్టెంటు రమేశ్ ఆమెకు మంచినీళ్ళు అందించాడు.

"ఫ్లూ తగ్గి మా బాపు లేచి కూసున్నడక్కా. రెండు రోజులకే మళ్ళ జరం, ఊపిరాడుతలేదు. మా చిన్నాయినే ఏదో కలిపిండు. రోజూ జావ తెచ్చేది ఆయనే. మన్నెగూడ జాగ అమ్ముదామని బాపుతోని లడాయి పెట్టుకున్నడు."

మధ్యాహ్నానికి ముగ్గురూ అరుణ తండ్రి శివయ్య ఉన్న దవాఖాన చేరారు.

"ఫ్లూ దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లో ఇప్పుడు బాక్టీరియా చేరింది," అన్నాడు డాక్టరు. "కఫం పరీక్షలో తేలింది. నీళ్ళలో బతికే రకం. ఈ పూటే మందు మార్చాం."

వార్డులో ముగ్గురు రోగులు. ఒక్కొక్కరి ఆక్సిజన్ నీళ్ళ సీసాలో బుడగలై, తేమ పట్టి గొట్టంలోకి వెళుతోంది. నర్సు సుశీల పొద్దున్నే ఒక్కసారి శుద్ధజలం పోస్తుందట. రెండు సీసాల్లో నీళ్ళు సగానికి దిగాయి. శివయ్య సీసా మాత్రం నిండుగా ఉంది, లోపల తెల్లటి చారతో. మంచం కింద ఆయన భార్య అనంతమ్మ చెంబులోనూ అదే చార. రమేశ్ రెండూ చూశాడు గాని సంగతి తట్టలేదు. వసంతలక్ష్మి డాక్టరు చెవిలో ఏదో చెప్పింది. వెంటనే సీసా మారింది.

సాయంత్రం ఆమె అందరినీ మంచం దగ్గరికి పిలిపించింది. చిన్నాయిన రామచంద్రయ్య గోడవారగా నిలబడ్డాడు.

"మరిగిన జావలో ఈ బాక్టీరియా బతకదు. ఇది ఆక్సిజన్‌తో పాటే లోపలికి పోయింది. శుద్ధజలం చార కట్టదు, ఈ దవాఖాన కుళాయిల్లో వచ్చే బోరునీళ్ళు కడతాయి." వసంతలక్ష్మి అనంతమ్మ పక్కన కూర్చుంది. "అమ్మా, సీసాలో నీళ్ళు తగ్గితే ఏం చేసేవారు?"

"నల్లా నీళ్ళు పోస్తుంటి బిడ్డా. అవి అయిపోతే ఆయనకు గాలి అందదనుకున్న." ఆమె అందరి ముఖాలూ చూసింది. "గిది నేను చేసిందేనా?"



"పోయొద్దని మీకు చెప్పాల్సింది మేమమ్మా. తప్పు మాది," అన్నాడు డాక్టరు.

అరుణ చిన్నాయిన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఊకో బిడ్డా," అన్నాడాయన.

కొత్త మందుకు జ్వరం లొంగింది. వారం తర్వాత రమేశ్ చూడబోయేసరికి అనంతమ్మ వార్డు గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. అప్పటినుంచి ఆమె మంచం దాపులకు పోలేదట. శివయ్య మాస్కు జరిపి అటు చూశాడు.

"గంత దూరం కూసున్నవేందే? జర దగ్గరికి రా."

అనంతమ్మ లేచి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చి, ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.