ఫ్రీ చేసిన అడ్రసు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో, పట్టపగలు పదింటికి, పాండురంగారావు గారిని కాల్చేశారు. సైలెన్సర్ పిస్టల్. బస్తాల మధ్య ఆయన కూలిపోతే, కళ్ళు తిరిగాయనుకుని ఎవరో సోడా తెచ్చారు.

ఆయన రిటైర్డ్ ఇంజనీరు. కొల్లేరు నీళ్ళను సముద్రం వైపు వదిలే కొత్త రెగ్యులేటర్ గేట్లను ఒక కంప్యూటర్ నడుపుతుంది. దాని కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, ఆయనొక లోపం కనిపెట్టారు. ఢిల్లీకి రాసిన మూడో రోజే పోయారు.

గంటలో ఏజెంట్ వీరేంద్రకు చీఫ్ కామరాజు ఫోన్ చేశాడు. ఒక విదేశీ ముఠా ఆ లోపంలోంచి దూరి, రేపు మధ్యాహ్నం పన్నెండింటికి గేట్లు బిగించేస్తుంది. పైనుంచి తమ్మిలేరు వరద వస్తోంది. లంక గ్రామాలు మునుగుతాయి. ముఠాలో మన డబుల్ ఏజెంట్ వాసవి ఉంది, ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ ఆమె దగ్గరుంది, రేపు పొద్దున్నే ఇవ్వగలదు.

మర్నాడు పొద్దున్న చేపల మేత సేల్స్‌మన్ వేషంలో వీరేంద్ర ఏలూరులో ఆమె ఉన్న హోటల్‌కి వెళ్ళాడు. ముఠా కొనిచ్చిన వజ్రాల దుద్దులు పెట్టుకుని వాసవి తలుపు తీసింది.

"కొరమేనుకి మేత ఉందాండీ?" అంది.

"రొయ్యకే ఉందండి."

కోడ్ సరిపోయింది. ఆమె లిప్‌స్టిక్ గొట్టంలోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది. కెర్నెల్ పని కోసం కొంత మెమరీ తీసుకుంటుందనీ, పనయ్యాక ఫ్రీ చేసి వదిలేస్తుందనీ, కానీ ఇక్కడ ఒక టైమర్ ఇంకా ఆ చోటు పాత అడ్రసునే పట్టుకుని ఉందనీ చెప్పింది. ఖాళీ అయిన చోట ముఠా తన కోడ్ పెడుతుంది. టైమర్ మోగగానే కెర్నెల్ అది తనదే అనుకుని నడిపేస్తుంది.

"ముందు టైమర్ ఆపాలండి. అది నిజంగా ఆగేదాకా ఉండాలి. ఆ తర్వాతే ఫ్రీ చెయ్యాలి. ప్రోగ్రాం రాసినవాళ్ళు వరస తప్పారు, అంతే."

తనతో వచ్చెయ్యమన్నాడు వీరేంద్ర. తను కనపడకపోతే ముఠా ముందే దాడి చేస్తుందని ఆమె ఒప్పుకోలేదు. పన్నెండు దాటేవరకూ తన కవర్, అంటే దొంగ పేరూ దొంగ కంపెనీ, తియ్యొద్దని మాత్రం చీఫ్‌కి చెప్పమంది. చెప్పాడు. సరేనన్నాడు చీఫ్.

పదకొండూ నలభైకి వీరేంద్ర రెగ్యులేటర్ కంట్రోల్ రూముకి చేరాడు. లైన్‌మన్ వేషంలో ఉన్న ముఠా మనిషి గుమ్మంలో కత్తి తీశాడు. వాణ్ణి పడగొట్టేసరికి పది నిమిషాలూ, చేతి మీద లోతైన గాటూ అయ్యాయి. ఆపరేటర్ దానమ్మ పెన్‌డ్రైవ్ పెట్టింది. రీస్టార్ట్‌కి తొమ్మిది నిమిషాలు పడుతుందండీ అంది.

పన్నెండింటికి రెండు సెకన్లుందనగా స్క్రీన్ వెలిగింది. టైమర్ ఆగింది. మెమరీ ఫ్రీ అయింది. ముఠా పంపిన ఆజ్ఞ వచ్చి, పట్టుకోవడానికేమీ దొరక్క వృథాగా పోయింది. గేట్ల కింద నీళ్ళు మామూలుగా పారుతున్నాయి.

వాసవికి ఫోన్ చేశాడు. ఆ నంబరు ఉపయోగంలో లేదంది. చీఫ్‌కి చేశాడు.

"పని అయినట్టేగా. పదకొండూ నలభై అయిదుకి ఆమె కవర్ కంపెనీ, ఫోన్, ఫైలు అన్నీ క్లోజ్ చేశాం. ప్రొసీజర్ అది."

"ఆవిడ ఇంకా లోపలే ఉందండి," అన్నాడు వీరేంద్ర.

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

అనుమానం వచ్చి ఆ కంపెనీకి ముఠా ఫోన్ చేసి చూసుకుంది; అలాంటి కంపెనీయే లేదని తేలింది. వీరేంద్ర హోటల్‌కి చేరేసరికి ఆమె కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. ఏ పేరు మీద తీసుకెళ్ళాలో తెలియక ఆస్పత్రివాళ్ళు ఫారం ఖాళీగా ఉంచారు.

మర్నాడు పేపర్లో రెండు లైన్లు వచ్చాయి: రెగ్యులేటర్ కంప్యూటర్ తొమ్మిది నిమిషాలు ఆగినందుకు అధికారులు చింతిస్తున్నారట.