మాధవి ముక్కుగుడ్డ

కాశీబుగ్గలో మా వీధి వెనకే జీడిపిక్కలు కాల్చే బట్టీలు ఉన్నాయి. పొద్దున్న ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగుకి తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కిటికీ ఊచ మీద వేలు పెడితే నల్లగా, జిడ్డుగా అంటుకుంటుంది. తుడిస్తే పోయే రకం కాదు, ఇంకా పులుముకుంటుంది. వీధిలో అందరూ దానికి అలవాటు పడిపోయారు. నాకు మాత్రం ఆ మసితో పాత పగ.

ఎందుకంటే మా ఇంట్లో ఒక సర్వర్ ఉంది. పేరు పెద్దదే గానీ వస్తువు చిన్నది. ఒక పాత కంప్యూటర్ డబ్బా, అందులో రెండు డిస్కులు. ముందువైపు గాలి లోపలికి పీల్చే ఫ్యాను, వెనకవైపు బయటికి వదిలే ఫ్యాను. ముందుగదిలో బల్ల మీద రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. నేను బజార్లో సీసీ కెమెరాలు బిగించే పని చేస్తాను కాబట్టి ఇలాంటిది కట్టుకోవడం నాకు కష్టం కాలేదు. ఇంట్లోవాళ్ళ ఫొటోలు, వీడియోలు అన్నీ దానిలోనే ఉంటాయి. నా భార్య మాధవీలత గొంతు కూడా దానిలోనే ఉంది.

మాధవి జీడిపప్పు వొలిచే పనికి వెళ్ళేది. కిడ్నీలు పాడయ్యాక కూడా, డయాలసిస్ లేని రోజుల్లో వద్దన్నా వినకుండా పోయేది. కిందటి మాఘమాసంలో పోయింది. మా పాప సంజనకి తొమ్మిదేళ్ళు. ఆసుపత్రి మంచం మీద నుంచి మాధవి పాపకి ఫోన్లో చిన్న చిన్న మాటలు పంపేది. ఇప్పుడు పాప రోజూ అన్నం తినేముందు వాటిలో ఒకటి పెట్టించుకుంటుంది.

"సంజీ, తల దువ్వుకున్నావేటి? పేలు పడతాయ్ సూడు..."

అంతే ఉంటుంది. ఆ ఒక్క మాట వింటేనే దానికి ముద్ద దిగుతుంది.

వేసవిలో ఒక డిస్కు చచ్చిపోయింది. డబ్బా విప్పి చూస్తే ఫ్యాను రెక్కల నిండా మసి, దాని మీద దుమ్ము గడ్డకట్టి ఉంది. గాలాడక లోపల కాలిపోయింది. పాప పుట్టినరోజుల ఫొటోలన్నీ దానితోనే పోయాయి. మాధవి మాటలు రెండో డిస్కులో ఉండబట్టి మిగిలాయి. ఊరందరికీ రెండో కాపీ ఉంచుకోండని చెప్పేది నేనే. నావన్నీ శ్రీరంగ నీతులే. ఆ రోజు బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఈ గొంతు కూడా పోతే పిల్లకి ఏం చెప్పాలి?

అప్పటినుంచి దుమ్ముతో యుద్ధం మొదలైంది. ఫ్యాను ముందు సన్నజాలీ పెట్టాను, మసి దూరిపోయింది. స్పాంజి పెట్టాను, మూడు రోజులకే డబ్బా వేడెక్కిపోయింది. చివరికి నా పాత సాక్సు కత్తిరించి తొడిగాను. సంజన పడీపడీ నవ్వింది. దుమ్ము మాత్రం ఎప్పట్లాగే లోపలికి వచ్చింది.

అలాంటి రోజుల్లో నయోమి మా ఇంటికి వచ్చింది. పనిలో మాధవి పక్కనే కూర్చుని పప్పు వొలిచేది. చేతిలో పేపరు పొట్లం ఉంది.

"అన్నా, ఇది మాధవిది. పనికాడ మేకుకి ఉండిపోనాది."

విప్పితే మాధవి ముక్కుగుడ్డ. పప్పు వొలిచేటప్పుడు ఎర్రటి పొట్టు పొడిపొడిగా లేచి ఊపిరికి అడ్డం పడుతుంది. అందుకని ఆడవాళ్ళు పాత నూలుచీర చింపి, ముక్కూ నోరూ కప్పి, తల వెనక ముడి వేసుకుంటారు. అక్కడ ఒకరి ముక్కుగుడ్డ ఇంకొకరు కట్టుకోరు. ఎంగిలి కంటే దానికే పట్టింపు ఎక్కువ. మనిషి పోతే పదోరోజున మిగతా బట్టలతో పాటు దాన్ని కూడా నీళ్ళలో వదిలేస్తారు. ఇది మేకుకి ఉండిపోవడంతో మాకు గుర్తే రాలేదు.

"మా చర్చీలో ఇలాటియి నమ్మం గానీ అన్నా," అంది నయోమి గొంతు తగ్గించి, "ఇన్ని నెల్లూ మేమెవలం దాని మీద సెయ్యి ఎయ్యనేదు. నీళ్ళకి ఇచ్చీ."

"అలాగేనమ్మా," అన్నాను. కానీ ఇవ్వలేదు.

వెలుగులో పెట్టి చూశాను. నీలం అంచు, ఎన్ని ఉతుకులకో పల్చబడిన నేత. పదేళ్ళు జీడిదుమ్ముని ఆపిన గుడ్డ. నేను డబ్బులు పోసి తెచ్చిన జాలీల కంటే ఇదే మేలనిపించింది. ఫ్యాను మీద కప్పి, మాధవి తల వెనక వేసుకున్నట్టే డబ్బా వెనక ముడి వేశాను. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. ఆమె గొంతుకి ఆమె గుడ్డే కాపలా అనుకుని సంబరపడ్డాను కూడా.

వారం తర్వాత విప్పితే లోపల ఒక్క నలుసు లేదు. ప్రతి ఆదివారం గుడ్డ విప్పి, సబ్బు పెట్టి ఉతికి, పెరట్లో ఆరేసి, ఆరాక మళ్ళీ కట్టేవాణ్ణి. ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లోకి వెళ్తే సంజన ఆ గుడ్డని మొహానికి కట్టుకుని నిలబడి ఉంది. తల వెనక ముడి కూడా వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"అమ్మ వాసన వత్తంది నాన్నా."

సబ్బు వాసన తప్ప ఇంకేమీ రాదని నాకు తెలుసు. కానీ తల్లి లేని పిల్లని ఏమని కోప్పడతాం? ముడి విప్పి, తల నిమిరి, గుడ్డ తెచ్చి మళ్ళీ ఫ్యానుకి కట్టేశాను.

ఆ మర్నాడు సాయంత్రం ఎప్పట్లాగే మాధవి మాట పెట్టాను. సంజన తినబోతున్న ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

"నాన్నా, అమ్మ ముక్కుగుడ్డ కట్టుకుని మాట్టాడతంది."

నవ్వాను. స్పీకరు పాడైందనుకున్నాను. వేరేది పెట్టాను, అలాగే ఉంది. మిగతావన్నీ ఒక్కొక్కటీ పెట్టి విన్నాను. ప్రతి మాటా గుడ్డలోంచి వస్తున్నట్టు మొద్దుగా ఉంది. పాడైన ఫైలు గరగరమంటుంది, లేదా అసలు మోగనే మోగదు. ఇలా మాత్రం ఎప్పుడూ కాదు. పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని నేను పనిచేసే దుకాణంలో విన్నాను, అక్కడా అంతే. అదే డబ్బాలో ఉన్న పాటలు, నా గొంతు, పాప గొంతు శుభ్రంగా ఉన్నాయి. మాధవి ఒక్కతే గుడ్డ చాటున మాట్లాడుతోంది.

ఇంటికొచ్చి ఫ్యాను మీద గుడ్డ విప్పాను. గదివైపు ఉండే పక్క తెల్లగా ఉంది. ఈ వీధిలో అది జరిగే పని కాదు. తిప్పి చూశాను. డబ్బా లోపలివైపు ఉండే పక్కంతా ఎర్రటి పొట్టు. పని నుంచి వచ్చినప్పుడు మాధవి కనుబొమ్మల మీద, జుట్టులో ఉండేదే. మా ఇంట్లో ఇప్పుడు జీడిపప్పు వొలిచేవాళ్ళు ఎవరూ లేరు.

భయం వేసింది. అయినా పాతది ఎక్కడో అంచు మడతలో ఉండిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. రెండుసార్లు ఉతికి మళ్ళీ కట్టాను. ఏం చెయ్యను? గుడ్డ తీస్తే మసి, మసి పడితే ఆ గొంతు కూడా ఉండదు.

అక్టోబరులో వాయుగుండం పట్టుకుంది. మూడు రోజులుగా ఒకటే ముసురు. బట్టీలు ఆరిపోయాయి. వీధిలో మసి వాసన పోయి తడిమట్టి వాసన, కాలవ వాసన మిగిలాయి. మూడో రోజు సాయంత్రం అయిదింటికే చీకటి కమ్మింది. సంజన లోపలిగదిలో బొమ్మలు వేసుకుంటోంది. కరెంటు పోయింది. సర్వర్ కింద బ్యాటరీ కాసేపు కీచుకీచుమని అరిచి, అదీ ఆగిపోయింది. ఫ్యాన్లు నెమ్మదించి... నిలిచిపోయాయి.

ఆ చప్పుడు లేకుండా ఆ గది ఎలా ఉంటుందో నేను ఎప్పుడో మర్చిపోయాను. వాన చప్పుడు ఒక్కటే ఉంది. తర్వాత ఇంకోటి వినిపించింది.

హూ...

ఆగింది.

హూ...

ఫోన్ లైటు వేశాను. ఫ్యాను రెక్కలు కదలడం లేదు. ఫ్యాను నడిచేటప్పుడు గుడ్డ లోపలికి పీల్చుకుని జాలీకి అతుక్కుంటుంది. ఆగితే వదులుగా వేలాడాలి. కానీ గుడ్డ బయటికి ఉబ్బింది. మెల్లగా లోపలికి పోయింది. మళ్ళీ బయటికి వచ్చింది. మధ్యలో ఆగుతోంది... డయాలసిస్ అయ్యాక మంచం మీద మాధవి అలాగే ఊపిరి తీసుకునేది.

జీడిజిడ్డు వాసన వచ్చింది. దాని వెనక కొబ్బరినూనె వాసన.

చెయ్యి చాపాను. గుడ్డ మధ్యలో తడిగా ఉంది. వెచ్చగా ఉంది. నోరు ఉండే చోట.

"మాధవీ?"

ఊపిరి ఆగింది. కరెంటు లేదు. స్పీకరు తీగ ఊడదీసి పక్కన పెట్టి ఉంది. అయినా డబ్బాలోంచి వచ్చింది, గుడ్డ చాటునుంచి.

"...బిగిసిపోనాది... ముడి ఇప్పీ..."

నేను వేసింది ఒక్క ముడి. వెనక చెయ్యి పెడితే రెండు ముళ్ళు తగిలాయి. మాధవి ఎప్పుడూ రెండు ముళ్ళే వేసుకునేది. గోళ్ళు విరిగేలా పీకి విప్పాను. గుడ్డ చేతిలోకి రాగానే డబ్బాలోంచి పెద్ద నిట్టూర్పు వచ్చి నా మొహానికి తగిలింది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. పాపని బడిలో దింపి, గుడ్డ పేపర్లో చుట్టి, వజ్రపుకొత్తూరు వైపు బండి తోలాను. ఆ దారిలో సముద్రం ఒడ్డు ఊళ్ళో మాధవి తల్లి, మా అత్త రత్నాలమ్మ ఉంటుంది. జరిగింది చెప్తే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పొట్లం వైపు చూసి, కొంగు దోపుకుని, "పద," అంది.

జీడితోటల్లోంచి నడిచి ఒడ్డుకి వెళ్ళాం. సముద్రం బురదరంగులో ఎగిసిపడుతోంది. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి గుడ్డ నా చేతిలోంచి తీసుకుంది.

"బాబూ, నిజం సెప్పు. మాధవి పోనాక దీన్ని ఇంకెవలైనా మొగానికి కట్టుకున్నారేటి?"

"ఎందుకత్తా?"

"కట్టుకుంటే, కట్టుకున్నోల సేత్తోనే నీళ్ళకి ఇయ్యాల. మరొకలు ఇత్తే ఆ గుడ్డ పోయినోల ఊపిరి ఇడిసీసి, ఉన్నోల ఊపిరి పట్టుకుంతాది. పిల్లది గానీ కట్టుకుందేటి?"

మాధవి పోయిన రోజు నుంచీ అత్త ఒకటే మాట. నీ ఒక్కడి వల్ల అవదు, సంజనని నా దగ్గర వదిలీ అని. ఇప్పుడు అవునంటే పిల్లని ఇక్కడికి తీసుకురావాలి. వచ్చిన పిల్లని అత్త మళ్ళీ పంపదు. పాప కూడా లేకపోతే ఆ ఇంట్లో నాకు మసి తప్ప ఏం మిగులుతుంది?

"లేదత్తా. ఎవరూ కట్టుకోలేదు."

అత్త నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత గుడ్డ వదిలేసింది. అది నీళ్ళ మీద పరుచుకుని, మధ్యలో ఒక్కసారి ఉబ్బి, అలతో పాటు లోపలికి పోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి సర్వర్ వేశాను. ఫ్యాను ముందు ఏమీ కట్టలేదు. వచ్చే దుమ్ము రానీ అనుకున్నాను. మాధవి మాట పెట్టాను.

"సంజీ, తల దువ్వుకున్నావేటి? పేలు పడతాయ్ సూడు..."

పక్కనే కూర్చుని మాట్లాడినంత శుభ్రంగా ఉంది. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. సంజనని పిలిచి, పళ్ళెంలో అన్నం పెట్టి, మళ్ళీ వినిపించాను. మూడుసార్లు వినిపించాను. అది తల దించుకుని కూర్చుంది. ముద్ద ముట్టుకోలేదు.

"ఇప్పుడు బాగుంది కదరా అమ్మ గొంతు?"

"బాగుంది నాన్నా."

మొద్దుగా, దూరంగా వినిపించింది.

"నోట్లో ఏం పెట్టుకున్నావు? తీసి మాట్లాడు."

తలెత్తి నోరు తెరిచింది. ఏమీ లేదు. మొహం మీద ఏమీ లేదు. పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం గుడ్డ చాటునుంచి వస్తోంది. రెండు చేతులూ తల వెనక్కి పెట్టి దేనికోసమో తడుముకుంటోంది.

"బిగిసిపోనాది నాన్నా... ముడి ఇప్పీ..."

దాని జుట్టు విరబోసుకునే ఉంది. రిబ్బను కూడా లేదు. దగ్గరికి లాక్కుని తలంతా వెతికాను. మెడ వెనక, చెవుల వెనక, మళ్ళీ మళ్ళీ వెతికాను. ముడి ఎక్కడా తగల్లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంటే నా వేళ్ళకి ఎర్రటి పొట్టు అంటుకుని ఉంది.