రెండొందల పద్నాలుగో రోగి

మొదటి తూటా అరలోని పుస్తకాల్లో దిగింది. రెండోది రుక్నెద్దీన్ బే కడుపులో దిగింది.

అంతకు నిమిషం ముందే కోడ్ వర్డ్ పూర్తయింది. "పిచ్చివైద్యం చరిత్ర మీద ఏమన్నా ఉన్నాయా?" అని నెజాత్ అడిగాడు. "సంగీతంతో నయం చేసిన రోజులవా, సంకెళ్ళు వేసిన రోజులవా?" అన్నాడు రుక్నెద్దీన్ బే, పాత పుస్తకాలమ్మే ముసలాయన. "రెండూ," అన్నాడు నెజాత్. ముసలాయన నల్ల అట్ట నోటుబుక్కు బల్ల మీద పెట్టాడో లేదో, గుమ్మంలోంచి తుపాకీ పేలింది.

నెజాత్ ఒక్క అంగలో హంతకుడి మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఎముక పుటుక్కుమంది. వాడి తలని ఇనప పొయ్యికేసి మూడుసార్లు బాదాడు. వాడు మళ్ళీ లేవలేదు.

ఆ నోటుబుక్కు కోసమే పరిశోధకుడి వేషంలో మూడు వారాలుగా ఇస్తాంబుల్ అంతా జల్లెడ పట్టాడు నెజాత్. ఆస్పత్రి బీరువాలు, వైద్య కళాశాల నేలమాళిగ, డాక్టర్ల భార్యలు, ఏదీ వదల్లేదు. డాక్టరు పోతే ఆయన కాగితాలు తూకానికి అమ్మేయడం ఆ ఊళ్ళో మామూలే. యుద్ధం రోజుల్లో ఒక విదేశీ గూఢచారి పిచ్చివాడిలా నటిస్తూ ఆస్పత్రిలో దాక్కున్నాడు. రోగి నంబరు రెండొందల పద్నాలుగు. వాణ్ణి పరీక్షించిన డాక్టరు రాసుకున్నదే ఆ నోటుబుక్కు. ఇప్పుడు వాడే ముగ్గురు ఇంజనీర్లలో ఒకడై, నలభైమంది టర్కీ ఏజెంట్ల పేర్లున్న మైక్రోఫిల్మ్‌తో ఒంటిగంట విమానం ఎక్కబోతున్నాడు. పన్నెండో పేరు నెజాత్ తమ్ముడిది. వాళ్ళలో వాడెవరో తెలీదు. ముగ్గురూ మంత్రిగారి అతిథులు. రుజువు లేనిదే ముట్టుకోవద్దని ఆర్డరు.

"కదలకు నెజాత్."

ఫెరిహా. అతనితో రెండేళ్ళు కలిసి పనిచేసిన ఏజెంటు, విదేశాల్లో పెరిగిన అందగత్తె. చేతిలో పిస్టల్ ఉంది. నోటుబుక్కు అట్ట తెరిచి, మొదటి పది పేజీలు చింపి పొయ్యిలో పడేసింది.

"మొదటి పేజీల్లోనే ఉందన్నావుగా. పాత అరబ్బీ లిపి చదవడం నాకు రాదు. కాల్చడం వచ్చు."

నేలమీద పడున్న ముసలాయన నెత్తుటి నోటితో నవ్వాడు. "అమ్మాయీ, మా కాలం డాక్టర్ల పుస్తకాలు కుడివైపునుంచి మొదలవుతాయి. నువ్వు కాల్చింది చివరి పేజీలు. ఆస్పత్రి వంటవాడి కాబేజీ లిస్టు."

ఆమె చూపు ఒక్క క్షణం పుస్తకం మీదికి మళ్ళింది. నెజాత్‌కి అది చాలు. పొయ్యిమీద మరుగుతున్న టీ కెటిల్ ఆమె మొహాన విసిరాడు. పిస్టల్ పేలి పైకప్పు పెచ్చు రాలింది. లావుపాటి నిఘంటువు తీసి నడినెత్తిన ఒక్కటిచ్చాడు. ఆమె కుప్పకూలింది.

"చదువు గురువుగారూ, నాకూ రాదు పాత లిపి," అన్నాడు, నోటుబుక్కు ఆయన ముందు పట్టుకుని.

"పిచ్చి లేదు... నటిస్తున్నాడు... కుడి పాదానికి వేళ్ళు లేవు, మంచుకి పోయాయి." ముసలాయన ఊపిరి తీసుకున్నాడు. "పరిగెత్తు నాయనా. నాకోసం ఆగకు."

ముసలాయన తల వాలిపోయింది. ఆయన కళ్ళు మూసి పరిగెత్తాడు నెజాత్.

విమానం పంకాలు తిరుగుతున్నాయి. ముగ్గురు ఇంజనీర్లు మెట్లెక్కుతున్నారు. నెజాత్ మెట్లమీదికి దూకి, వెనకున్నవాడి కుడి బూటు మీద మడమతో బలంగా తొక్కాడు.

"చచ్చాన్రోయ్!"

రెండోవాడిదీ తొక్కాడు. వాడు తల్లిని తలుచుకున్నాడు.

మూడోవాడి బూటు మెత్తగా అణిగిపోయింది. వాడు కిక్కురుమనలేదు. "ఏమిటయ్యా ఈ మోటుతనం?" అంటూనే జేబులోంచి పెన్ను తీశాడు. అది పెన్ను కాదు, ఒంటి తూటా పిస్టల్. నెజాత్ ఆ చెయ్యి పైకి నెట్టాడు. తూటా అతని చెవి తమ్మె ఎగరేసుకుపోయింది. వాడి ముక్కు కమ్మీకేసి పగలగొట్టి కిందికి తోశాడు. బూటు ఊడిపోయింది. వేళ్ళుండాల్సిన ఖాళీలోంచి మైక్రోఫిల్మ్ చుట్ట దొర్లి బయటపడింది.

సాయంత్రం పైఅధికారి ఫోన్ చేశాడు. "మీ తమ్ముడు క్షేమం. కానీ ఆ మిగతా ఇద్దరూ కుంటుతూ మంత్రిగారి దగ్గరికెళ్ళి ఏడ్చారయ్యా."

"సంతోషించమనండి సార్," అన్నాడు నెజాత్, చెవి కట్టు సర్దుకుంటూ. "వేళ్ళున్నాయని రుజువైంది కదా."