మలుపు దగ్గర ముప్పై

బైపాస్ రోడ్డులో సిమెంటు ఫ్యాక్టరీ దాటాక ఎడమకి తిరిగే మలుపు ఒకటుంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు పోవద్దని పెట్రోలు బంకు వాళ్ల దగ్గర్నుంచి అంబులెన్సు నడిపేవాళ్ల దాకా అందరూ అందరికీ చెప్పేవాళ్లు.

అక్కడ కార్లు వాటంతటవే ఆగిపోతాయట.

పాత కార్లు కాదు, కొత్తవి. రోడ్డు పక్క బోర్డు చూసి తమ వేగం తామే తగ్గించుకునే రకం. ఎనభైలో హాయిగా పోతున్న బండి, ముందు పురుగు కూడా లేకపోయినా, ఆ మలుపులోకి రాగానే ఎవరో పీక పట్టుకున్నట్టు కీచుమంటూ ముప్పైకి పడిపోతుంది. స్టీరింగు వెనక ఎర్ర సున్నాలో ముప్పై అంకె వెలుగుతుంది. ఉలిక్కిపడి పక్కకి చూస్తే... పొదల్లో ఒక మనిషి. భుజాల మీద రెండు గీతలు, నడుము చుట్టూ ఒక గీత, తెల్లగా మెరుస్తూ. పైన తల ఉండదు. కింద కాళ్లుండవు.

అక్కడ రోడ్డు పని చేస్తూ చచ్చిపోయిన కుర్రాడని కొందరన్నారు. తనని గుద్దిన కారు దొరికేదాకా ప్రతి కారూ ఆపి చూసుకుంటాడని ఇంకొందరన్నారు.

నవ్వి కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. ఒకరోజు ఒక కారు అలాగే ముప్పైకి పడిపోయింది. వెనకాల వస్తున్న లారీ ఆగలేకపోయింది. కారు వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ నడుము విరిగింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

అప్పుడు కార్ల కంపెనీ తన ఇంజనీరమ్మని పంపింది.

కారు బోర్డుల్ని ఎలా చదవాలో చూసుకునే పని ఆవిడది. కారుకి రెండు ఆధారాలు: లోపల దాచుకున్న రోడ్ల మ్యాపు, అద్దం వెనకున్న కెమెరా. మ్యాపు ఎనభై అని, బోర్డు ముప్పై అని అంటే ఎవరి మాట వినాలి? బోర్డు మాటే వినాలని ఆఫీసులో అందరితో పోట్లాడి మరీ ఒప్పించింది ఆవిడే. మ్యాపు ఎప్పుడో గీసినది. రోడ్డు మీద ఇవాళ ఏం జరుగుతోందో బోర్డుకే తెలుసు.

పగలు రెండుసార్లు వెళ్లి చూసింది. ఏమీ లేదు. బోర్డూ లేదు, మనిషీ లేడు. కారు ఎనభైలో నున్నగా వెళ్లిపోయింది.

"రాత్రి రావాలి మేడమ్," అన్నాడు కంపెనీ డ్రైవరు. పాతికేళ్ల సర్వీసువాడు. "దెయ్యాలు ఆఫీసు టైములో పని చెయ్యవు."

ఆ రాత్రి ఆవిడే స్టీరింగు పట్టింది. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని సీటు బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. బయల్దేరబోతుంటే ఇంటి నుంచి అమ్మ ఫోను.

"ఎక్కడున్నావే?"

"పని మీదున్నానమ్మా."

"ఆ మలుపుకేనా? నీకు తప్ప ఆ కంపెనీలో ఇంకెవరూ దొరకలేదటా వాళ్లకి?"

ఫ్యాక్టరీ దీపాలు వెనక్కి పోయాయి. రోడ్డు నల్లగా, ఖాళీగా ఉంది. ఆవిడ కాళ్లు రెండూ వెనక్కి తీసి, కారునే నడవనిచ్చింది. ఎనభై... ఎనభై...

"మేడమ్," అని గుసగుసలాడాడు డ్రైవరు.

మలుపు.

కారు ముక్కు కిందికి దిగింది. బెల్టు ఛాతీని నొక్కేసింది. స్టీరింగు వెనక ఎర్ర సున్నా, అందులో ముప్పై.

"అదిగో..." డ్రైవరు చెయ్యెత్తి చూపించాడు.

పొదల్లో ఉంది. రెండు గీతలు, ఒక గీత. తల లేదు.

ఆవిడ కారు పక్కకి తీసి ఆపింది. "దిగకండి, మీకు దణ్ణం పెడతా," అంటున్నాడు డ్రైవరు. ఆవిడ దిగింది. ఫోను లైటు వేసుకుని పొదల వైపు నడిచింది.

"ఎవరక్కడ?"

గీతలు కదిలాయి. లేచి నిలబడ్డాయి.

"నేనేనమ్మా," అంది ఒక ముసలి గొంతు. "భయపడకు."

రోడ్డు పనివాళ్లు తొడుక్కునే చొక్కా అది. లైటు పడితే దాని పట్టీలు మాత్రం మెరుస్తాయి, మనిషి చీకట్లోనే ఉండిపోతాడు. ఆ చొక్కాలో అరవై దాటిన మనిషి ఉన్నాడు, మెడ చుట్టూ నల్ల మఫ్లరుతో. పక్కన రెయిలింగుకి ఆనించి గుండ్రటి రేకు బోర్డు. ఎర్ర అంచు, మధ్యలో ముప్పై. మలుపు తిరిగే హడావిడిలో మనుషుల కంట పడదు. కెమెరా వదలదు.

"ఎందుకు చేస్తున్నావు ఈ పని? నీవల్ల ఒకావిడ నడుము విరిగింది, తెలుసా?" భయం దిగిపోయాక వచ్చే కోపంతో అరిచింది ఆవిడ.

ఆయన తల దించుకున్నాడు. "తెలుసు. ఆసుపత్రికి వెళ్లాను. లోపలికెళ్లే ధైర్యం లేక గుమ్మం దాకా వెళ్లి వచ్చేశాను." తలెత్తి ఆవిడ వంక చూశాడు. "నువ్వు ఆ కార్ల కంపెనీ అమ్మాయివా?"

"అవును."

"అయితే కూచో తల్లీ. నీకు చెప్పాల్సిందే."

చచ్చిపోయిన కుర్రాడు ఆయన కొడుకు. ఈ మలుపులో రాత్రి పూట తారు వేస్తుంటే ఒక కారు ఎనభైలో వచ్చింది. తనంతట తాను నడుచుకునే కారే. ఈవిడ కంపెనీదే. కేసు అయింది. బోర్డు ఉంటే మా కారు ఆగేది, అక్కడ బోర్డే లేదంది కంపెనీ. ముప్పై బోర్డు పెట్టాం, కారే లెక్కచెయ్యలేదన్నాడు కాంట్రాక్టరు. కారులో రికార్డయింది చూపించమంటే, గుద్దుకోవడంలో పోయిందన్నారు. ఎవరి తప్పూ రుజువు కాలేదు. ఇద్దరూ చేతులు దులుపుకుని వెళ్లిపోయారు.

"నాకు ఒక్క ముక్క తెలిస్తే చాలమ్మా. బోర్డుంటే ఈ కార్లు ఆగుతాయా, ఆగవా? ఆగితే కాంట్రాక్టరు అబద్ధమాడినట్టు. అందుకని నేనే బోర్డు తెచ్చాను." ఆయన రేకు మీద చెయ్యేసి నిమిరాడు. "ఆగాయి తల్లీ. ప్రతి ఒక్కటీ ఆగింది. మావాడు చెబితే ఎవడూ వినేవాడు కాదు, చెయ్యెత్తి కేకలేసినా. ఈ రేకు మాట మాత్రం ఎంచక్కా వింటున్నాయి."

ఆవిడ ఫోను లైటు బోర్డు మీదికి తిప్పింది.

"మళ్లీ విచారణ వేయించాను. శుక్రవారం చీకటి పడ్డాక అధికారి ఇక్కడికే వచ్చి కళ్లారా చూస్తానన్నాడు. నువ్వూ వస్తావా? నీ కారు ఆగితే, అది ఎందుకాగిందో నువ్వు చెబితే... నా మాట కంటే నీ మాటకి విలువుంటుంది."

"వస్తాను," అంది ఆవిడ. "అందాకా మాత్రం బోర్డు పెట్టకు. మాటివ్వు."

ఆయన మాటిచ్చాడు. బోర్డు చంకన పెట్టుకుని ఫ్యాక్టరీ వైపు నడిచి వెళ్లాడు. చాలా దూరం దాకా ఆ గీతలు కనబడుతూనే ఉన్నాయి.

మర్నాడు మేనేజరు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "బతికించావు. నేను సాఫ్ట్‌వేరులో తప్పేమో అనుకుని హడలిపోతున్నాను. ఆ మలుపులో మాత్రం మ్యాపు మాటే వినమని కార్లకి చెప్పేద్దాం. సరిపోతుంది."

"శుక్రవారం దాకా ఆగండి సార్."

"ఇంకో నడుము విరిగేదాకానా?"

"ఆయన బోర్డు పెట్టనని మాటిచ్చాడు. పోనీ, రేపు అక్కడ నిజంగానే రోడ్డు పని మొదలైతే? వాళ్లు ముప్పై బోర్డు పెట్టినా మన కారు చూడదు."

"అప్పుడు మ్యాపు మారుస్తారులే."

"ఎన్నాళ్లకి?"

మేనేజరు కంప్యూటరు వైపు తిరిగాడు. "సరే, వచ్చే నెల చూద్దాం. నువ్వు కంగారుపడకు."

శుక్రవారం ఆవిడ ఒక్కతే బయల్దేరింది. డ్రైవరు వస్తానన్నా వద్దంది. ఏం చెప్పాలో దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని కూడా అనుకుంది. ఊడితే ఊడనీ అనుకుంది. ఫ్యాక్టరీ దాటింది. కాళ్లు వెనక్కి తీసుకుంది. దూరంగా రెయిలింగు పక్కన గీతల చొక్కా, దాని పక్కన గొడుగు కర్రలా సన్నటి మనిషి ఒకాయన, ముందు బోర్డు... తుడిచి తెచ్చినట్టున్నాడు, తళతళలాడుతోంది.

ఎనభై.

మలుపు మొదలైంది.

ఎనభై...

ఆవిడ అంకె వైపే చూస్తోంది. అది మారలేదు. బోర్డు దగ్గరికొచ్చింది. అద్దం నిండా వచ్చింది. ఎనభై!

బలంకొద్దీ బ్రేకు తొక్కింది. కారు ఊగిపోతూ ఆగింది.

"ఆగింది సార్!" ముసలాయన పరిగెత్తుకొచ్చాడు. "ఇందాకట్నుంచీ ఒక్కటీ ఆగకపోతే నా ప్రాణం పోయిందనుకోండి. ఇది ఆగింది, చూశారా! ఈ అమ్మాయే నేను చెప్పింది!"

అధికారి కిటికీ దగ్గరికి వంగాడు. "కారు తనే ఆగిందా అమ్మా?"

ముసలాయన ముఖంలో ఆశ చూస్తూ అవునని ఒక్క మాట అనేయడం ఎంత తేలిక. కానీ వెనకాల వచ్చే ఏ కారూ ఆ మాటని నిలబెట్టదు.

"లేదు సార్. నేను తొక్కాను." ఆవిడ అద్దం వెనక కెమెరా వైపు చూపించింది. "మొన్నటిదాకా ఆగేవి. నాకు తెలియకుండా మార్చేశారు. ఆ బోర్డుని చూడొద్దని కార్లకి చెప్పారు."

"కంపెనీ ఆ మాట రాసిస్తుందా?"

"ఇవ్వదు. నేనిస్తాను."

"ఇవ్వండి, జత చేస్తాను." ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "కానీ నేను చూడ్డానికి వచ్చింది బోర్డుంటే ఆగుతాయా లేదా అని. ఆగడం లేదు. ఇక కాంట్రాక్టరు అబద్ధమాడాడని ఎలా అనను? నేను చూసిందే కదమ్మా నేను రాయాలి?"

అధికారి జీపు వెళ్లిపోయింది.

ఆవిడ కారు దిగి రోడ్డు అంచున తెల్ల గీత మీద నిలబడింది. ముసలాయన దగ్గరికొచ్చాడు.

"నేనిక్కడ ఉంటానని మీ కంపెనీవాళ్లకి నువ్వే చెప్పావా?"

"చెప్పాను."

ఆయన తిడతాడని ఎదురుచూసింది. తిడితే బావుండుననుకుంది. ఆయన బోర్డు వంక చూశాడు, మఫ్లరు కొసతో దాని మీది దుమ్ము తుడవబోయి మానేశాడు. ఫ్యాక్టరీ వైపు నుంచి రెండు దీపాలు వస్తున్నాయి, ఎనభైలో.

ఆయన గబుక్కున ఆవిడ మణికట్టు పట్టుకుని పొదల్లోకి లాగాడు.

"పక్కకి రా తల్లీ," అన్నాడు. "అవింక ఆగవుగా."